గోస్తనీ లోయదారి - సైకిలువాని పాలు

గోస్తనీనది యెక్కడ పుట్టుచున్నదని యడిగినచో విశాఖపట్టణవాసులలో పెక్కురు బొఱ్ఱాగుహలలోనని వెంటనే చెప్పగలరు. ఎక్కడ సముద్రమున గలియుచున్నదని యడిగినచో భీమునిపట్టణమువద్దనని చెప్పువారును కలరు. కాని ఈ రెండింటి నడుమ నదిని ఆశ్రయించియున్న ఊళ్ళెవ్వి, ఎక్కడ మెట్ట, ఎక్కడ పల్లము, ఎండవేళ నీడ యెక్కడ దొరకును అని ప్రశ్నించినచో ప్రత్యుత్తరమిచ్చువారు మిగుల కొలదిమంది. కారులో కూర్చుండి అరకు చేరువానికి దారి తెలియదు. దారి అతనికి గమ్యమునకు అడ్డముగానున్న వస్తువు మాత్రమే. ఈ లోయను కాలిబలముచే తెలిసికొనుచున్న వారొకరు ఇటీవలి సంవత్సరములలో బయలుదేఱినారు. తెల్లవాఱకమునుపే లేచి, సీసాలో నీరును, సంచిలో అరటిపండ్లును పెట్టుకొని సైకిళ్ళపై కొండలవైపు సాగిపోవు ఉద్యోగులు, విద్యార్థులు, వర్తకులు, స్త్రీలు సెలవుదినములందు కన్పట్టుచున్నారు. వీరిని చూచి నవ్వువారును లేకపోలేదు.

సైకిలును చిన్నచూపు చూచుట మనకు అలవాటైపోయినది. ద్విచక్రవాహనమని దానికొక గంభీరమైన పేరు మొదట నుండెను. నేడు ఆ పేరునుగూడ మోటారుసైకిలు లాగికొన్నది. పత్రికలో ద్విచక్రవాహనమని చదివినచో అది పెట్రోలుతో నడచునదియేయని మనము గ్రహింతుము. పేరు పోయినట్లే దారియు పోయినది. 2011 జనాభాలెక్కల నాటికి మనదేశమున నూటికి 44.8 కుటుంబములకు సైకిలుండెను. కారుగాని జీపుగాని వ్యానుగాని గల కుటుంబములు నూటికి 4.7 మాత్రమే. అయినను రోడ్లను గీయువారి కంటికి ఆ నలువదినాలుగు కన్పడక యీ నాలుగే కన్పడుట వింతగాదా! 2022 సంవత్సరమున దేశమందలి రోడ్డుప్రమాదములలో 1,68,491 మంది ప్రాణములు గోల్పోయినట్లు కేంద్రప్రభుత్వమువారే ప్రకటించిరి. అందు కాలినడకన పోవువారు ముప్పదిరెండువేలకు మించినారు; సైకిలువారు నాలుగువేలకు మించినారు. ఎవ్వరిని గుద్ది చంపు శక్తి లేనివారే యిన్నివేలమంది చచ్చిరి.

ఈ మాటలు ఇప్పుడెత్తుటకు కారణము గలదు. రాజమహేంద్రవరమునుండి రంపచోడవరము, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరము చేరు 516-ఇ జాతీయరహదారిని వెడల్పుచేయు పనులు భాగములు భాగములుగా చేపట్టబడినవి. శృంగవరపుకోట ప్రక్కనున్న బొడ్డవరమునుండి అరకు నెక్కు ఘాటుదారియు ఇందులోనిదే. కొండను చెక్కి దారిని పెద్దచేయుట నూఱేండ్లకొకసారి జరుగు పని. ఆ చెక్కిన వెడల్పులో ఎవ్వరికెంత పాలు అన్నది ఇప్పుడు నిర్ణయింపబడనిచో, తరువాత కొండను మరల చెక్కువారుండరు. వెడల్పంతయు వేగమునకే ధారపోయబడునా, మెల్లగా పోవువానికిగూడ ఒక మూర దక్కునా? మా ప్రశ్న యింతే.

పాఠకులలో ఈ త్రోవను కారు అద్దములోనుండి మాత్రమే చూచినవారి కొఱకు దానిని కొంచెము వర్ణించుట అవసరము. భీమునిపట్టణమునుండి బయలుదేఱి నదిని ఎడతెగక అంటియుండు రోడ్డు లేదు. నది యొకచోట, దారి యొకచోట, మరల రెండును కలసికొనుట, ఇట్లు సాగును. మొదట పద్మనాభము. 1794వ సంవత్సరము జూలై 10వ తేదీన విజయనగర ప్రభువు చిన విజయరామరాజు కుంపిణీ సేనలతో పోరాడి కూలినది ఈ కొండ చెంతనే. దానికి సమీపముననే పాండ్రంగి. 1897లో అల్లూరి సీతారామరాజు పుట్టిన ఊరు. కారులవారు ఈ రెండూళ్ళను ఎఱుగకయే అరకు పోవుచున్నారు. వారి రోడ్డు పెందుర్తి, కొత్తవలసల మీదుగా వేరుదారిని పోవును. సైకిలువాడు మాత్రము మలుపుమలుపునకు ఆగి అడుగక తప్పదు గనుక, అడిగినవానికి ఊరివారు చెప్పక మానరు గనుక, చరిత్ర వానికి పుస్తకము లేకయే దొరకును.

పద్మనాభము దాటిన పిమ్మట జామి, ఆపైన శృంగవరపుకోట. ఇదంతయు మెల్లగా పైకి పోవు నేల. అయినను ఆ సంగతి కంటికి తోచదు, మోకాలికి తోచును. వరిమళ్ళు, చెఱకు, మామిడితోపులు, గట్లపై తాళ్ళు. ఈ భాగమున సైకిలువానికి గల బాధ లారీలవలన గాదు. ఇందులో మన పాఠకులకే కొంత పాలున్నది. కోతలకాలమున భూస్వాములు, రైతులు తారురోడ్డునే కళ్ళముగా చేసికొని ధాన్యమారబోయుచున్నారు. ఆరబోసినదానికి కాపుగా చుట్టును రాళ్ళు పేర్చుచున్నారు. ధాన్యమెత్తుకొని పోవునప్పుడు రాళ్ళను అచటనే విడిచిపోవుచున్నారు. చీకటిలో ఆ రాతిపై సైకిలు ముందుచక్రము తగిలినచో మనిషి తల పగులును. పంటను ఆరబెట్టుకొనుటకు చోటులేని రైతు కష్టము మేమెఱుగనిది గాదు; గ్రామమున కొకటియైనను సిమెంటుకళ్ళము వేయించవలసిన బాధ్యత ప్రభుత్వముది. కాని రాళ్ళను తొలగించుటకు ఏ ప్రభుత్వముయొక్క ఉత్తరువు కావలయును?

శృంగవరపుకోటకు చేరువను తాటిపూడి జలాశయము. గోస్తనికి అడ్డముగా 1960 దశకమున కట్టబడిన ఈ ఆనకట్టవలన పొలములకు నీరు పాఱుటయేగాక విశాఖనగరమునకు త్రాగునీరును పోవుచున్నది. నగరవాసి ఉదయమున ముఖము కడుగుకొను నీరు ఎక్కడనుండి వచ్చుచున్నదో సైకిలుపై ఈ గట్టుదాకా వచ్చి చూచినచో, పైనున్న కొండల అడవి నరకబడుటను గుఱించి వాని యభిప్రాయము మాఱవచ్చును.

బొడ్డవరము దాటగానే కథ మాఱును. టైడ, అనంతగిరి, గాలికొండ, సుంకరిమెట్ట, అటుపిమ్మట అరకు. సముద్రమునకు తొమ్మిదివందల మీటర్ల ఎత్తునగల ఆ లోయను చేరుటకుముందు దారి దానికంటె ఎత్తైన కొండమెడల నెక్కి దిగవలయును. నడుమ ఒక ప్రక్కదారి బొఱ్ఱాగుహలకు చీలును. అచట సున్నపురాతి కడుపులోనుండి గోస్తని బయటపడును. ఆవుపొదుగువంటి రాతినుండి నీరు కాఱుటచే నదికి ఆ పేరు వచ్చెనని చెప్పుదురు. వర్షఋతువు వెనుకబడిన తరువాత వలిసెపూలు విరగబూసి లోయ పసుపుపచ్చనగును. కాఫీతోటలలో నీడకై పెంచిన సిల్వరుఓకు చెట్లకు మిరియపుతీగెలు ప్రాకియుండును. ఇవన్నియు నెమ్మదిగా పోవువానికి కన్పడును.

నెమ్మదియన్నది ఇచట వేడుకకొఱకు చెప్పిన మాటగాదు, లెక్క. ఘాటుదారులలో స్థలమునుబట్టి రోడ్డు నూటికి అయిదాఱు మీటర్లచొప్పున ఎక్కవచ్చునని, విధిలేనిచోట ఏడెనిమిదివరకు పోవచ్చునని ఇండియన్ రోడ్సు కాంగ్రెసువారి ప్రమాణము. మనిషియు బండియు కలసి 85 కిలోల బరువుండి, త్రొక్కువాడు చక్రమునకు నూఱు వాట్ల శక్తి అందించినచో, నూటికి అయిదు చొప్పున ఎక్కు దారిలో గంటకు ఎనిమిది కిలోమీటర్లు పోగలడు. ఏడైనచో ఆఱు కిలోమీటర్లకు దిగును. అనగా నడకకు కొంచెమే మిన్న. ఆ వేగమున సైకిలు గీత గీసినట్లు పోదు. కుడియెడమలకు ఊగుచు పోవును. అందుచే వానికి చక్రమంత వెడల్పు చాలదు, ఒక మీటరైనను కావలయును. వెనుకనుండి వచ్చు బస్సుడ్రైవరు దీనిని మొండితనమని యనుకొనును. అది మొండితనము గాదు, భూమ్యాకర్షణము. పలుగేర్లు గల క్రొత్త సైకిలువాని గతియే యిట్లున్నప్పుడు, ఇరువది కిలోల బరువుగల ఒంటిపండ్లచక్రపు పాతసైకిలు త్రొక్కుచు బడికి పోవు పిల్లవాడు దిగి త్రోయుటతప్ప చేయగలది లేదు. త్రోయువానికి ఇంకను ఎక్కువ చోటు కావలయును. మనిషి, వాని ప్రక్కన బండి.

దిగునప్పుడు వ్యవహారము వేఱు. త్రొక్కకయే గంటకు నలుబది కిలోమీటర్ల వేగము వచ్చును. అప్పుడు ఆపవలసివచ్చిన పాతికమీటర్లకు తక్కువలో బండి నిలువదు. తడిరోడ్డున దానికి మించును. క్రొత్తవారు భయముచే క్రిందివఱకు బ్రేకులను విడువక పట్టుదురు. చక్రపు అంచు కాగి లోపలి ట్యూబు ప్రేలుట అందుచేతనే. వదలి వదలి పట్టవలయును, మలుపునకు ముందే వేగము తగ్గించుకొనవలయును, వానలలో కొండనుండి జాఱిన ఎఱ్ఱమట్టిపై బ్రేకు పట్టనేరాదు. ఎక్కువానికిని దిగువానికిని గల ఈ భేదమును గమనించినచో మేము కోరునది ఎంత స్వల్పమో తెలియును. రోడ్డు రెండుప్రక్కలను సమానముగా సైకిలుబాట మేమడుగుటలేదు. దిగువాడు మోటారులతోపాటు పోగలడు. ఎక్కువాని ప్రక్కన, అనగా అరకువైపు పోవు ఎడమభాగమున, ఇంజనీర్లు షోల్డరని పిలుచు అంచును ఒకటిన్నర మీటరు వెడల్పున, తారు వేసి, రోడ్డుతో సమమట్టముగా, ఎడతెగకుండ ఉంచవలయును. మలుపులలో అది సన్నగిల్లరాదు. కాలువలపై పలకలు కప్పవలయును. ఇండియన్ రోడ్సు కాంగ్రెసువారే సైకిలుబాటలనుగుఱించి 1962లోను, సవరించి 2015లోను నియమములు ప్రకటించియున్నారు. సైకిలు రోడ్డుపై పరాయిది కాదని మేము క్రొత్తగా చెప్పవలసిన పనిలేదు.

గత కార్తికమాసమున ఈ వ్యాసకర్త ఆ ఘాటునెక్కెను. వనభోజనములకు పోవు కార్లు, బస్సులు చీమలబారువలె సాగుచుండెను. ఒక మలుపున ఊపిరి చాలక దిగి సైకిలును త్రోయుచుండగా, తలపై మూటతో ఒక గిరిజనవృద్ధురాలు రోడ్డుపై గాక ప్రక్కకాలువలో నడచుచు కనబడెను. కాలువనిండ రాళ్ళు. పైకి రాకూడదా యని అడుగగా ఆమె ఇట్లనెను: "రోడ్డుమీద నడిస్తే ఎనక్కి చూసుకోవాల బాబూ. కాలవలో అయితే ముందుకే చూసుకోవచ్చు." ఆమె సంతకు పోవుచున్నది. ఆ రోడ్డు ఆమె ఊరి కొండపై వేయబడినది.

సైకిలువారి విషయము వ్రాయుచు సంతకు పోవు ముసలమ్మను ఏల తెచ్చితిరని కొందఱు అడుగవచ్చును. సరిగా ఇదియే మేము చెప్పదలచినది. మాపై వచ్చు ఆక్షేపణ మాకు తెలియును: "కొండపై రోడ్డేలేని గూడెములు ఎన్నియో కలవు, రోగులను గర్భిణులను డోలీలలో మోసికొని వచ్చుచున్నారు, ఇట్టిచోట పట్టణపు షోకిలాల సైకిళ్ళకు ప్రత్యేకముగా అంచు కావలయునా?" ఆక్షేపణలో సగము సత్యమున్నది. గూడెములకు రోడ్లు ముందు వేయవలసినవే. దానికి ఎవ్వరును అడ్డుచెప్పరాదు. కాని ఆ సైకిలు అంచుపై నడచువారిలో నూటికి తొంబదిమంది పట్టణపువారు కారు. బడిపిల్లలు, సంతకు కావడి మోయువారు, కట్టెలు తెచ్చువారు, మేకలను తోలువారు. ఆదివారమున రెండుగంటలు సైకిలువాడు వాడుకొనును. మిగిలిన వారమంతయు అది కొండవారిది. ఆ అంచు ఉండినచో ముసలమ్మ కాలువలోనుండి పైకి వచ్చును. అది లేకున్నచో సైకిలువాడును ఆమెవెంట కాలువలోనికి దిగును.

మన్యమున రోడ్డు వేయుట కేవలము రాయి, తారు పని గాదని చరిత్ర మనకొకసారి నేర్పినది. ఈ లోయకు నైరుతిదిక్కున, నర్సీపట్టణమునుండి చింతపల్లివైపు కొండలలోనికి దారి వేయించునప్పుడు గూడెము డిప్యూటీ తహసీలుదారు బాస్టియను మన్యపు ప్రజలచే బలవంతముగా పనిచేయించి, న్యాయమైన కూలి యియ్యక పీడించెను. ఆ కసియే 1922 ఆగష్టు 22న చింతపల్లి పోలీసుస్టేషనుపై దాడిగా పైకివచ్చినది. రంపపితూరీకి అడవిచట్టములు మొదలైన కారణములు వేఱుగా పెక్కులున్నను, ఆ దారిపని వానిలో చిన్నది గాదు. ఎవ్వరి చెమటతో వేసిన దారియో వారే దానిపై నడువజాలనిచో ఆ దారి వారికేల? సీతారామరాజు పేరు 2022లో ఒక జిల్లాకే పెట్టుకొన్నాము. ఆ జిల్లా ముఖ్యరహదారిపై ఆ జిల్లావారు నడచుటకు చోటు విడుచుట ఆ పేరునకు తగినపనియే.

సైకిలు చదువునకుగూడ దారి యగుననుట ఊహ గాదు. బీహారురాష్ట్రమున 2006లో తొమ్మిదవ తరగతి చేరిన బాలికలకు ప్రభుత్వము సైకిళ్ళు ఇచ్చుటకు ఆరంభించినది. పిమ్మట అర్థశాస్త్రజ్ఞులు పరిశీలించి, ఆ వయసు బాలికలు ఉన్నతపాఠశాలలలో చేరుట నూటికి ముప్పదికి మించి పెరిగినదని తేల్చిరి. బీహారు మైదానము, అరకు కొండ. నిజమే. అయినను అరకులోయ నడుమ, డుంబ్రిగూడ వైపు నేల ఇంచుమించు సమముగానే యున్నది. అచట బడికి పోవు బాలికకు సైకిలు ఉపయోగింపక పోదు. బండి యిచ్చి దారి ఇయ్యకున్న మాత్రము అది ఇంటిగోడకు ఆనియుండును.

ఇతరదేశములవారు దీనినెట్లు సాధించిరని అడుగువారికి డాన్యూబునది నిదర్శనము. జర్మనీలోని పస్సౌనగరమునుండి ఆస్ట్రియారాజధాని వియన్నావఱకు మూడువందల కిలోమీటర్లకు మించిన సైకిలుదారి ఆ నది గట్లపై సాగును. అది మొదట సైకిళ్ళకై వేసినది గాదు. ఏటికెదురుగా పడవలను గుఱ్ఱములచే లాగించిన కాలమున ఏర్పడిన గట్టుబాట. ఆవిరిపడవలు వచ్చి గుఱ్ఱములు పోయినవి, బాట మిగిలినది, దానిని వారు పాడుచేసికొనలేదు. ఇప్పుడు ఏటేట వేలకొలది జనులు ఆ దారిని పోవుచు త్రోవలోని చిన్నగ్రామములలో తినుచు, బసచేయుచు పోవుచున్నారు. మన గోదావరి కాలువగట్లపైని గూడ పడవలను మనుష్యులు త్రాళ్ళతో లాగిన బాటలుండెను. వాని గతి యేమైనదో డెల్టావాసులైన పాఠకులకు మేము చెప్పనక్కరలేదు.

గ్రామములలో తినుచు పోవుదురన్న మాటకు ఘాటుపైని అర్థము గలదు. కారు విశాఖలో తలుపు వేసికొని అరకులో పెద్దహోటలుముందు తలుపు తెఱచును. సైకిలువానికి పదిమైళ్ళకొకసారి ఆకలి వేయును. టైడలో టీ, అనంతగిరిలో ఇడ్లీ, సుంకరిమెట్టలో కాఫీ, దారిప్రక్కను నిప్పులపై కాల్చు మొక్కజొన్నకంకి. వాని రూకలు కొండవాని చేతిలో పడును. షెడ్యూల్డు ప్రాంతపు భూమిని గిరిజనేతరులు కొనరాదని 1970లోని ఒకటవ నిబంధన శాసించుచున్నది. ఆ భూమి చేతులు మాఱకుండ కాపాడుట యొకయెత్తు, ఆ భూమిపైనున్నవానికి దారినపోవువారివలన నాలుగురూకలు వచ్చునట్లు చేయుట యొకయెత్తు. రెండవదానికి మెల్లగా పోవు బాటసారి కావలయును.

సైకిలువారికిని కొన్నిమాటలు చెప్పక తప్పదు. ముగ్గురు నలుగురు ప్రక్కప్రక్కన చేరి ముచ్చటలాడుచు మలుపులెక్కుట, సంతజనము నడుమ గంటలు మ్రోగించుచు దూసికొనిపోవుట, గిరిజనస్త్రీల ఛాయాచిత్రములను వారి అనుమతి లేక తీయుట, ప్లాస్టికు సీసాలను లోయలోనికి విసరుట, ఇవి మేము కన్నులార చూచినవే. నెమ్మదిగా పోవుటచేతనే మనిషి మర్యాదస్థుడు కాడు. మొగము కనబడకుండ కమ్మిన పొగమంచులో వెనుకదీపము లేకుండ పోవువారును కలరు. వారిపై మాకు జాలికంటె కోపమే యెక్కువ.

కొండదారిపై రెండుబండ్లు పోవ చోటు చాలనపుడు దిగువాడు ఎక్కువానికి దారి యియ్యవలెనని మన రహదారి నియమములలో నున్నది. ఎక్కువాడు నిలిచినచో మరల కదలుట కష్టము గనుక అది యేర్పడినది. ఈ సూత్రము సైకిలుకంటె ఎవ్వరికి ఎక్కువ చెల్లును? అయినను ఘాటుదారిపై దిగివచ్చు కారులు దీపములు మిణికించి ఎక్కువానినే ప్రక్కకు పొమ్మనుచున్నవి. బొడ్డవరమువద్దను, గాలికొండవద్దను ఈ నియమమును పెద్దతెలుగక్షరములలో వ్రాయించి పలకలు నాటుటకు కోట్లు అక్కరలేదు. కార్తికమాసపు ఆదివారములలో ఉదయము అయిదునుండి ఎనిమిదివఱకు పెద్దబస్సులను బొడ్డవరమున ఆపి ఉంచుటకును జిల్లా అధికారులకు అధికారము చాలును. మైదానమొక జిల్లావారిది, కొండ మఱొక జిల్లావారిది యగుటచే ఒకరిపై ఒకరు త్రోసికొందురేమోయని మా భయము.

రైలువారిని అడుగవలసినది ఒక్కటి కలదు. విశాఖనుండి కిరండూలుపోవు ప్రయాణికులబండి కొత్తవలస, శృంగవరపుకోట, బొఱ్ఱా మీదుగా కొండనెక్కి అరకు చేరును. ఘాటునెక్కలేని వృద్ధులు, బాలురు సైకిలును ఆ బండిలో వేసికొని పైకి పోయి లోయలో తిరిగి మరల రైలులోనే దిగవచ్చును. సైకిలును సామానుపెట్టెలో రుసుము కట్టి వేయుట రైల్వేలలో క్రొత్తగాదు. అయితే నగరములోని యొక స్టేషనున మేము అడిగినప్పుడు, సైకిలును గోనెసంచిలో కుట్టి, చీటి అంటించి, గుమాస్తా వచ్చువఱకు వేచియుండుమనిరి. గుమాస్తా వచ్చులోపల బండి పోయినది. ఆ రైలున ఒక పెట్టెమూల పది సైకిళ్ళకు కొక్కెములు బిగించి, టిక్కెట్టుకిటికీవద్దనే చీటి యిచ్చు ఏర్పాటు చేసినచో చాలును. వచ్చు వలిసెపూలకాలములోపల చేయదగిన పని యిది.